మలుపు దగ్గర ఎర్రగుడ్డ సీసా

ఊఁ కొట్టేవాళ్లు ఊఁ కొట్టండి, నమ్మనివాళ్లు నమ్మకండి. మా ఊళ్లో ఎలాగూ రెండో రకమే ఎక్కువ.

అనగనగా ఒక కనుమ. కనుమ కింద ఒక ఊరు. ఊరి చివర ఒక రేకుల కొట్టం. ఆ కొట్టంలో దస్తగిరి అనే మెకానిక్కు ఉండేవాడు. ఎప్పటి మాటంటే, మోటారు సైకిలు చప్పుడు వినపడితే పిల్లలు అన్నం వదిలేసి వీధిలోకి పరిగెత్తిన కాలం మాట.

మా ఊరికి అనుమానం జాస్తి. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూస్తాం. చుట్టం వస్తే ఎందుకొచ్చాడా అని చూస్తాం, పోతుంటే ఏం పట్టుకుపోతున్నాడా అని చూస్తాం. అలాంటి ఊళ్లో దస్తగిరి చేసే పని చూస్తే అనుమానం రాకుండా ఉంటుందా చెప్పండి?

ఏ పాత బండి వచ్చినా ఆయన ముందు కార్బురేటరు విప్పేవాడు. పెట్రోలూ గాలీ కలిసి ఇంజనుకు అందేది అక్కడే కదా. అది మూసుకుపోతే బండి దగ్గుతుంది, ఆగుతుంది. దాని అడుగున చిన్న గిన్నె ఉంటుంది. గిన్నెలో మిగిలిన పెట్రోలును ఎండకు చూసి, గుడ్డలో వడగట్టి, మూతి పగిలిన ఒక సీసాలో పోసుకునేవాడు. తర్వాత లోపలి ఇత్తడి జెట్టు తీసి, ఒక కన్ను మూసి సూర్యుడికేసి చూసేవాడు. దాని సన్నటి బెజ్జంలో వెలుగు చుక్క కనపడితే సరి. కనపడకపోతే నోటితో ఊదేవాడు. అప్పటికీ కనపడకపోతే ఎనుము తోక వెంట్రుకతో పొడిచేవాడు.

"తీగ పెడితే బెజ్జం పెద్దదైపోతాది. ఆమైన బండి తాగుబోతు అవుతాది" అనేవాడు.

ఎండకు చూడటం, నోటితో ఊదటం, వెంట్రుకతో పొడవటం. ఎవరి బండికైనా అంతే.

అంతా బాగానే ఉంది. మరి ఆ సీసా? అందులో పెట్రోలు ఎవరిది? పొద్దు వాలేసరికి దాన్ని సంచిలో వేసుకుని కనుమ వైపు ఎందుకు పోతాడు?

టీకొట్టు చెన్నమ్మ అడిగింది. "ఏమబ్బా దస్తగిరీ, ఆ పెట్రోలు యాడికి పోతాది?"

"యాడికీ పోదక్కా. మనోళ్లకే పోతాది."

పాలకేంద్రం బయన్న అడిగాడు. "ఏం దస్తగిరీ, ఆ పెట్రోలు యాడికి పోతాది?"

"యాడికీ పోదన్నా. మనోళ్లకే పోతాది."

మూడోవాడు నారప్ప. ఈ నారప్పకు ఒక శెనగచేను, ఒక పాత మోటారు సైకిలు ఉండేవి, తల్లి లేని కూతురు ఒకతి ఉండేది. ఊళ్లో అందరి అనుమానం ఒక ఎత్తు, నారప్పది ఒక్కడిదీ ఒక ఎత్తు. తన బండి విప్పినప్పుడల్లా కొట్టం ముందు రాయి మీద కూర్చుని రెప్ప వాల్చకుండా చూసేవాడు. మంచి జెట్టు తీసుకుని అరిగినది పెడతాడేమోనని ఆయన భయం. ఆయనా అడిగాడు. "ఆ పెట్రోలు యాడికి పోతాది?"

"యాడికీ పోదన్నా. మనోళ్లకే పోతాది."

నారప్ప టీకొట్టుకొచ్చి తీర్పు చెప్పేశాడు. "మనోళ్లంటే ఎవురనుకుంటిరి? వాని బామ్మర్ది! కనుమ అవతల వానికీ బండి ఉంది."

ఇంకేముంది, ఊరు ఊరంతా నమ్మింది. దస్తగిరి చెప్తే నమ్మనివాళ్లు నారప్ప చెప్తే నమ్మారు. అదీ మా ఊరు.

ఆ తర్వాత నారప్ప కొట్టానికి పోవడం మానేశాడు. అంతా చూశాం కదా, మనమే చేసుకుందామని ఇంట్లోనే కార్బురేటరు విప్పాడు. వెంట్రుకలూ గింట్రుకలూ ఎందుకని జెట్టులో ఇనుప తీగ దూర్చాడు. బెజ్జం పెద్దదైంది. బండి తాగుబోతు అయింది. అది కూడా దస్తగిరి చేసిన మాయే అన్నాడు.

ఊరుకున్నాడా? లేదు. దస్తగిరి నమాజుకు పోయిన వేళ చూసి కొట్టంలోకి దూరాడు. ఆ సీసాలో చెంబుతో నీళ్లు పోశాడు. "ఇంగ సూస్తా. కనుమ అవతల ఎవుని బండి ఆగితే వాడే దొంగ పెట్రోలు తాగినోడు" అనుకున్నాడు.

దస్తగిరి పెట్రోలు పోసేముందు ఎండకు చూసేవాడు గానీ, పోశాక మళ్లీ చూసే అలవాటు లేదు. తన కొట్టంలోకి వచ్చి నీళ్లు కలిపేవాళ్లుంటారని ఆయనకు తోచలేదు. సీసా సంచిలో వేసుకుని ఎప్పటిలాగే పోయాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కనుమ ఎక్కుతుంటే, కొన ఇంకా కాస్త దూరం ఉందనగా ఒక మలుపు ఉంది. ఆ మలుపులో బండరాయికి ఒక గూడు. గూట్లో ఎప్పుడూ ఎర్రగుడ్డ చుట్టిన సీసా ఒకటి ఉండేది. మా ఊరివాళ్లు దాన్ని చూసి, ఎవరో దిష్టి తీసి పెట్టారనుకుని, తల తిప్పుకుని తుపుక్కున ఉమ్మి పోయేవాళ్లు. ఒక్కరూ ముట్టుకోలేదు.

శెనగ పీకే రోజులొచ్చాయి. చేలో నారప్ప కూతురు సుంకులమ్మను పాము కరిచింది. ఆసుపత్రి కనుమ అవతల. నారప్ప కూతుర్ని వెనక కూర్చోబెట్టి, పైగుడ్డతో తన నడుముకు కట్టుకుని బండిని కనుమ ఎక్కించాడు. తాగుబోతు బండి కదా. సరిగ్గా ఆ మలుపు దగ్గరికొచ్చేసరికి ట్యాంకు నాకేసి ఆగిపోయింది.

కొన దాటితే అవతల అంతా దిగుడే. ఆ కాస్త దాటడానికి చుక్క పెట్రోలు లేదు. పైనుంచి బండి రాదు, కింది నుంచి మనిషి రాడు. సుంకులమ్మకు కళ్లు మూతలు పడుతున్నాయి.

"నాయనా, ఆ గూట్లో సీసా పెట్రోలు వాసనొస్తాంది" అంది.

నారప్ప గుడ్డ విప్పాడు. మూతి పగిలిన సీసా. తను నీళ్లు పోసిన సీసా. 

"పొయ్యి నాయనా. ఏంది అట్ల సూస్తాండావు?"

ఏం చెప్తాడు? కూతురి ప్రాణం చేతిలో ఉంది, అందులో తనే నీళ్లు కలిపాడు. నారప్ప అక్కడే ఏడ్చాడు. ఏడుస్తూనే సీసాను ఎండకు ఎత్తాడు. అడుగున నీళ్లు, పైన పెట్రోలు, మధ్యన గీత. కదిలించకుండా పైపైన ట్యాంకులోకి వంచాడు. చివర్లో గీత చెదిరి కాసిని నీళ్లూ పడ్డాయి. బండి దగ్గింది, ఆగింది.

అప్పుడు రాయి మీద కూర్చుని చూసినదంతా ఆయన చేతుల్లోకి వచ్చింది. దొంగతనం పట్టుకుందామని చూసిన చూపే అక్కరకొచ్చింది. పానా తీసి కార్బురేటరు విప్పాడు, గిన్నెలో నీళ్లు పారబోశాడు. జెట్టు ఎండకు చూశాడు, ట్యాంకు అడుగు మడ్డి పట్టి వెలుగు చుక్క లేదు. నోటితో ఊదాడు, చుక్క లేదు. సుంకులమ్మ జడలోంచి ఒక్క వెంట్రుక లాగి పొడిచాడు.

చుక్క కనపడింది.

బండి కొన దాటింది. సుంకులమ్మ బతికింది.

నారప్ప తిరిగొచ్చి దస్తగిరి ముందు నిలబడ్డాడు. ఊరంతా చూస్తోంది. "నీళ్లు పోసింది నేనే దస్తగిరీ" అన్నాడు.

దస్తగిరి చేతులు తుడుచుకున్నాడు. "పాపకెట్లుంది?"

"బతికింది."

"చెప్తిని గదన్నా, మనోళ్లకే పోతాదని." అంతవరకూ మెత్తగానే అన్నాడు. తర్వాత గొంతు మారింది. "నువ్వు సూసినావు గాబట్టి పైది వంచుకుంటివి. ఆడ ఇంగొకరి బిడ్డ ఉండింటే? వాళ్లకెవురు చెప్తారన్నా?"

నారప్ప ఆ సాయంత్రమే సీసా కడిగి, మంచి పెట్రోలు నింపి గూట్లో పెట్టొచ్చాడు.  

దస్తగిరి పోయి చాలా కాలమైంది. కొట్టమూ పోయింది. సీసా మాత్రం ఉంది. కనుమ ఎక్కే మా ఊరి బండి ఏదైనా మలుపు దగ్గర ఆగుతుంది. సీసా వెలితిగా ఉంటే నింపుతుంది. అవసరపడి వాడుకునేవాళ్లు ముందు ఎర్రగుడ్డ విప్పి, సీసాను ఎండకు ఎత్తి, అడుగున గీత ఉందేమో చూసి మరీ పోసుకుంటారు.

అది చూసి కొత్తవాళ్లు అడుగుతుంటారు. దస్తగిరి సీసా మీద కూడా అనుమానమేనా మీకు అని.

దస్తగిరి మీద కాదు నాయనా. మా మీద.