రాజుగారు కుళ్ళుకున్న ఇంటిపేరు

ఏ దేశమో, ఎప్పటి మాటో మనకెందుకుగానీ, వెనకటికి రణకోట వీరకేతనుడని ఓ రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, పేరు పిచ్చి. కోటగుమ్మం మీద ఆయన పేరే, బావిగట్టు మీద ఆయన పేరే, ఆఖరికి పట్టపుటేనుగు గంట మీదా ఆయన పేరే. పొద్దున్నే వందిమాగధులు ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే, పాపం, వాళ్ళకు చద్దన్నం వేళ దాటిపోయేది.

ఇంత చేసినా జనం నోట నలిగే పేరు ఆయనది కాదు, మంత్రిది. మంత్రి తుంగపూడి నరహరయ్య మహా మేత మనిషి. చేతిలో ఏదో ఒకటి పడందే ఏ పనీ కదలనిచ్చేవాడు కాదు. జనం విసిగిపోయి లంచమనే మాటే మానేశారు. "సుంకమూ కట్టాను, తుంగపూడీ ఇచ్చాను" అనుకునేవారు. రాజుగారికి మాత్రం ఇది తెలియదు. ఎవరైనా మంత్రి మీద ఫిర్యాదు తెస్తే, "వాడంటే నీకు కుళ్ళు, పోవయ్యా!" అని కసిరి పంపేవాడు. ఇంకెవడు చెబుతాడు?

ఆయన చెవిన పడిందల్లా ఆ పేరొక్కటే. వేటకు పోతే తుంగపూడి, తేరు చూడబోతే తుంగపూడి. ఒకనాడు అంతఃపురంలో అడుగుపెట్టబోతుంటే, సాక్షాత్తూ మహారాణి చెలికత్తెతో అంటోంది: "తుంగపూడి లేనిదే ఈ కోటలో పూట గడిచేట్టు లేదే!"

ఇక చూడండి, రాజుగారికి ఒకటే కుళ్ళు. ఆ పూట అన్నం సహించలేదు. అదేమిటని అడుగుదామంటే అభిమానం అడ్డొచ్చింది. నా ఉప్పు తినేవాడి పేరు నా భార్య నోటనా అని పళ్ళు నూరుకుంటూ పడుకున్నాడు.

తెల్లవారగానే కొలువులో చమత్కారిగా పేరుపడ్డ మేడి సింగన్నను పిలిపించాడు.

"ఏమిరా సింగన్నా, ఆ తుంగపూడివాడిలో ఏముందిరా? నా ఒడ్డూ పొడుగూ ఉందా? నా వంశం ఉందా? ఊరంతా వాడి జపమేమిటి? దసరా కొలువు నాటికి వాడి పేరు పలికే నోళ్ళన్నీ నా పేరు పలకాలి. లేదా, పెళ్ళాంతో సహా నువ్వు ఊరు దాటాలి!"

సింగన్న ఇరుకున పడ్డాడు. నిజం చెబితే నీకూ కుళ్ళేనంటాడు. ఊరు దాటుదామంటే ఇంట్లో భార్యకు నెలలు నిండాయి. కాసేపు తల గోక్కుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దానికేం ప్రభూ, ఒక్క చాటింపు చాలు. తుంగపూడి అనే చోటల్లా రణకోట అనాలి, తక్కిన మాట ఒక్కటీ మార్చకూడదు. ఆజ్ఞ పాటించినవాణ్ణి శిక్షించబోమని కూడా చాటించండి."

"భేష్! నా పేరు పలికితే శిక్షేమిట్రా, పిచ్చివాడా!" అని రాజుగారు అప్పటికప్పుడే దండోరా వేయించాడు.

దసరా ముందు ఇద్దరూ గొంగళ్ళు కప్పుకుని సుంకపు చావడికి పోయారు. అక్కడ ఓ మిరపకాయల బండిని ఆపి, కావలివాడు అడుగుతున్నాడు: "సుంకం సరే, రణకోట ఏదీ?"

"విన్నావట్రా!" అని రాజుగారు సింగన్న డొక్కలో పొడిచాడు. ముఖం చేటంత అయింది.

"మొన్ననే ఇచ్చాను గదయ్యా రణకోట!" అంటూ బండివాడు ఓ బస్తా దింపాడు. కావలివాడు దాన్ని చావడి వెనక్కి ఈడ్చుకుపోయాడు. రాజుగారి నవ్వు సగంలో ఆగింది.

పక్కనే ఓ ముసలమ్మ కూలబడి ఏడుస్తోంది. "మా చెరువుగట్టు సొమ్మంతా రణకోట కిందే పోయింది నాయనా! గట్టు తెగి నా మడి కొట్టుకుపోయింది. ఆ రణకోట మొహం మండ! ఆ రణకోట నోట్లో దుమ్ము పడ!"

"ఎవరి మొహమే?" అని రాజుగారు గొంగళి విసిరికొట్టి కత్తి మీద చెయ్యేశాడు.

ముసలమ్మ చేతులు జోడించింది. "నిన్నటిదాకా తుంగపూడి మొహమనే తిట్టేదాన్ని బాబూ! రాజుగారి ఆజ్ఞాయె. నాకూ నోరు తిరగడం లేదు."

"శిక్షించబోమన్నారు ప్రభూ," అని సింగన్న మెల్లగా గుర్తుచేశాడు.

రాజుగారి చెయ్యి కత్తి మీంచి జారింది. మహారాణి మాట ఇప్పుడు అర్థమైంది.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పినవాడినల్లా కుళ్ళుబోతన్నారు. అందుకని ఆ కుళ్ళేదో తమకే పుట్టేదాకా కాచుకున్నాను."

రాజుగారు ఒక్క క్షణం గుడ్లురిమి చూశాడు. తర్వాత ఆపుకోలేక పగలబడి నవ్వాడు. ఆ పూటే చాటింపు రద్దయింది, మంత్రి చెరసాల చేరాడు. వాడి సొమ్ముతో చెరువుగట్టు వేయించి, ముసలమ్మ మడి బాగుచేయించారు.

"ఆ మంత్రి పదవి నువ్వే తీసుకోరా," అన్నాడు రాజుగారు, తన చేతి కడియం తీసి సింగన్నకు తొడుగుతూ.

"కడియం చాలు ప్రభూ. తుంగపూడి అంతటి పేరే జనం నోట అరిగిపోయింది. మాది మేడి, రెండక్షరాల ముక్క. ఇట్టే అలవాటైపోతుంది."

దసరా వెళ్ళగానే సింగన్నకు కొడుకు పుట్టాడు. బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టి, పేరు పెట్టమంటే రాజుగారు కంగారుగా అన్నాడట:

"నీకు తోచింది పెట్టుకోరా నాయనా, నా పేరు మాత్రం వద్దు!"