పంతులుగారి తిన్నని దారి

పాలమేరు రాజుగారి కొలువులో సోమయాజులు పంతులు తాను గీసిన దారుల పటం విప్పాడు. ఊరికీ ఊరికీ మధ్య బద్ద పెట్టి గీసిన తిన్నని గీతలే అన్నీ. ఇకపై బాటసారులంతా ఆ గీతల వెంటే నడవాలనీ, తప్పితే వాళ్ల బండ్లూ గాడిదలూ జప్తు చేయాలనీ రాజుగారు ఆజ్ఞ ఇవ్వబోయారు.

గాడిదల మీద ఉప్పు మోసుకుని ఊరూరా అమ్మే నూకాలు చేతులు జోడించింది.

"మా దారి వంకరే దొరా. కానీ ముప్పై ఏళ్లలో ఒక్క గాడిదా దారిలో పడిపోలేదు."

"వంకర దారి సోమరులది," అన్నాడు సోమయాజులు.

"పంతులుగారూ, పటంలో మీ ఇల్లెక్కడ?"

"కోటకు తూర్పున. ఇదిగో, తిన్నగా."

"అయితే ఇవాళ ఆ గీత మీదే ఇంటికెళ్లండి. చేరితే నా గాడిదలన్నీ మీవే."

సోమయాజులు తూర్పు కిటికీలోంచి చూశాడు. కింద ఏనుగుల సాల, దాని వెనక మొసళ్ల కందకం. ఆయన రోజూ వచ్చిపోయే వాకిలి పడమట ఉంది.

రాజుగారు నవ్వి, ఇవ్వబోయిన ఆజ్ఞ మార్చారు: ముందు పటం గీసినవాడే దారులు నడిచి చూడాలి. సోమయాజులు ఏడాదిపాటు నూకాలు గాడిదల వెనక నడిచి, పటం మళ్లీ గీసి తెచ్చాడు.

"ఇన్ని వంకరలేమిటి?" అని అడిగారు రాజుగారు.

"ప్రతి వంకర దగ్గరా మంచినీళ్లున్నాయి ప్రభూ," అన్నాడు సోమయాజులు.