చివర నవ్విన పిల్ల

1994, వానలు పట్టుకున్న శ్రావణం. విజయనగరం జిల్లా చింతలగుమ్మి బడిలో కొత్తగా చేరిన కృపావతి టీచరు హెడ్మాస్టరు అప్పలస్వామి గారిని ఒక మాట అడిగింది.

"మాస్టారూ, పొగరున్న పిల్లకి పాఠం ఎలా చెప్పాలండీ?"

ఆ పిల్ల పైడితల్లి, మూడో తరగతి. పిలిస్తే పలకదు. క్లాసంతా నవ్వి ఊరుకున్నాక తానొక్కతే నవ్వుతుంది. అది వెక్కిరింపేనని కృపావతి నమ్మకం. రెండుసార్లు గోడకుర్చీ వేయించింది. ఇక తండ్రిని పిలిపించి, చదువు అబ్బదు, మాన్పించెయ్యమని చెప్పాలనుకుంది. ఆయన అందుకు సిద్ధంగానే ఉన్నాడు. ఇంట్లో మేకలున్నాయి, కాసేవాళ్లు లేరు.

అప్పలస్వామి గారికి వాదించే అలవాటు లేదు. మందుల పెట్టెలోంచి దూది తీసి చేతికిచ్చారు.

"చెవుల్లో గట్టిగా కుక్కుకోమ్మా. వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చో."

ఆ బడిలో మార్కులను బట్టి కూర్చోబెడతారు. పరీక్షకో వరస వెనక్కి జరిగి పైడితల్లి గోడకి చేరింది. పైన రేకుల మీద వాన దంచుతోంది. మాస్టారు బోర్డు వైపు తిరిగి బొమ్మ వేస్తూ ఏదో కథ చెబుతున్నారు. ఉన్నట్టుండి క్లాసంతా పకపకా నవ్వింది. కృపావతి అటూ ఇటూ చూసి తానూ నవ్వింది. పక్కన పైడితల్లి ఆమె ముఖంలోకి చూసి, అప్పుడు నవ్వడం మొదలెట్టింది.

మాస్టారు వచ్చి దూది తీయించారు. "ఎందుకు నవ్వావమ్మా?"

"అందరూ నవ్వారు కదండీ," అని, కృపావతి పక్కనున్న పైడితల్లి వైపు తిరిగింది.

వాన తెరిపి ఇచ్చాక పిల్లని వరండాలోకి తీసుకెళ్లింది. కుడి చెవి వేలితో మూసుకోమంది. చేయి చాచినంత దూరంలో వెనక నిలబడి "మేక" అని గుసగుసగా అంది. "కుండ" అంది. "కాకి" అంది. పిల్ల బుద్ధిగా గోడకేసి చూస్తూ నిలబడింది. చాలాసేపటికి వెనక్కి తిరిగింది.

"ఎప్పుడు మొదలెడతారు టీచర్?"

కృపావతి మోకాళ్ల మీద కూర్చుని, ముఖం ఎదురుగా పెట్టి, చెవి నొప్పెడుతుందా అని నెమ్మదిగా అడిగింది.

"చీము కారతాది టీచర్. అమ్మ ఎల్లుల్లి కాచిన నూనె పోస్తాది. మండినా నేను ఏడవను."

మర్నాడు తండ్రిని, పిల్లని బస్సెక్కించి పెద్దాసుపత్రికి తానే తీసుకెళ్లింది. డాక్టరు చెవులు శుభ్రం చేసి మందులిచ్చాడు. నూనే కాదు, ఏదీ పోయొద్దన్నాడు, నీళ్లు పోనివ్వొద్దన్నాడు. చీము కనబడ్డ రోజే తీసుకురావలసిందన్నాడు. తండ్రి తలొంచుకుని విన్నాడు. మేకల ఊసెత్తలేదు.

నెలన్నర పోయాక పైడితల్లి మొదటి వరసలో కూర్చుంది. మార్కుల వరస ఆ బడిలో పోయింది. ఆ సాయంత్రం కృపావతి మాస్టారి దగ్గరికి వెళ్లి, "పొగరన్నాను. గోడకుర్చీ వేయించాను. ఆ తప్పు నాదేనండీ," అంది.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నీది నెల్లాళ్లు. నిరుడంతా ఆ పిల్లకి పాఠం చెప్పింది నేను. అల్లరి చెయ్యదు, నెమ్మదస్తురాలు అనుకున్నాను. అందరికంటే చివర నవ్వుతుందని నువ్వు చెప్పేదాకా నాకు తట్టలేదు. కుడి చెవి దక్కింది. ఎడమది పోయింది."