రెండు వేళ్ల సందు

“సస్తి నాయనో, సస్తి...”

ఆ అరుపు బస్టాపు దగ్గర బయలుదేరి, వీధి పొడుగునా నడిచి, గొర్లదిన్నె పీర్ల చావిడి గుమ్మంలోకి వచ్చింది. అరుపు వెనకాలే మనిషి వచ్చాడు. ఖాకీ చొక్కా, భుజానికి టికెట్ల సంచి, చెంప మీద చెయ్యి. కండక్టరు ఓబులేసు. ఇరవై ఊళ్ల జనాన్ని నిద్రలేపి బస్సెక్కించే గొంతు అది. మరి పన్ను నొప్పెడితే ఊరుకుంటుందా?

పీర్ల పండగ మూడో రోజు, మిట్టమధ్యాహ్నం. చావిడిలో చాప మీద లాలెప్ప తాత కూర్చుని ఉన్నాడు. దూదేకులాయన, డెబ్బై దాటిన మనిషి. మొక్కుకున్న వాళ్లకు దారం కట్టడం, నొప్పని వచ్చిన వాళ్లను చూసి ఇంత మందో ఇంత మాటో ఇచ్చి పంపడం, ఇదీ ఆయన పని. ఆయన శిష్యుడు షేక్షావలి. ముప్పయ్యేళ్ల వాడు.

ఆ పొద్దున్నే షేక్షావలి గురువును అడిగాడు. “ఆరేండ్లాయె తాతా నీ దగ్గర ఉండబట్టి. ఈసారి నుంచి చాప మీద నన్ను కూర్చోనీ.”

లాలెప్ప తాత కాదనలేదు, సరేననలేదు. “ఈ పొద్దు గడవనీ, చూద్దాం,” అన్నాడు. దారాలు కట్టే పని మాత్రం పండగ మొదటి రోజు నుంచీ శిష్యుడికే వదిలాడు.

అందుకే ఓబులేసు రాగానే షేక్షావలి ముందుకు దూకాడు. కూర్చోబెట్టాడు, నీళ్లిచ్చాడు, లవంగ నూనె సీసా తీశాడు.

“ఏమాయెనన్నా?”

“ఉగ్గాని తింటాంటే బొరుగుల్లో రాయప్పా. కొరికితి. పన్ను పెటుక్కుమనె. గాలి తగిలినా జివ్వుమంటాండాది. ముక్క మొన నాలుక్కి గీసుకుంటాంది.”

“నోరు తెరువు,” అన్నాడు లాలెప్ప తాత, చాప మీది నుంచే.

ఓబులేసు తెరిచాడు. బస్సు తలుపు తెరుచుకున్నట్టు తెరుచుకుంది. దవడ పన్ను మూల విరిగింది. వాపు లేదు, జ్వరం లేదు. తాత మైనపువత్తి కొసన ఇంత గిల్లి, వేళ్ల మధ్య నలిపి మెత్తగా చేసి, ఆ మొన మీద అద్దాడు.

“రేపు పండ్ల డాక్టరు దగ్గరికి పో. ఆ పక్క నమలొద్దు.”

“రేపా? నేను పోతాంటే రేపంటావేంది తాతా?”

“పొయ్యేవానికి ఇంత గొంతు ఉండదు లేరా.”

చావిడిలో ఉన్న నలుగురూ నవ్వారు. షేక్షావలి కూడా నవ్వి, తన వంతు మాట ఒకటి వేశాడు. “అన్నా, ఆ స్తంభం కాడ సుంకన్న మామను చూడు. మొన్న దారం కట్టించుకున్నప్పటి నుంచి ఒక్కపొద్దుతో ఉన్నాడు. దీపాలు పెట్టేదాకా ఉమ్మి కూడా మింగడు, తువ్వాల్లోకే ఊంచుతాడు. చెంప వాచింది, అయినా నోట్లో నుంచి మాట రాదు. భక్తంటే అదీ.”

స్తంభానికి వీపు ఆనించి కూర్చున్న సుంకన్న తల ఎత్తలేదు. బోయ సుంకన్న వేరుశనక్కాయల కూలి. మూడు నెలల కింద భార్యకు కాన్పు కష్టమైతే, తల్లీబిడ్డా దక్కితే పది రోజులు ఒక్కపొద్దు ఉంటానని పీర్లకు మొక్కుకున్నాడు. ఇద్దరూ దక్కారు. ఆ మొక్కే ఇది.

లాలెప్ప తాత నవ్వు ఆగిపోయింది. చాప మీది నుంచి లేచాడు. ఆయన లేవడం అంత మామూలు సంగతి కాదు, మోకాళ్లు ఒప్పుకోవు. లేచి సుంకన్న ముందర కూర్చున్నాడు.

“షేక్షా, ఈయనకు దారం కట్టింది ఎవరు?”

“నేనే తాతా.”

“ఎట్ల కడ్తివి?”

“నువ్వు చెప్పినట్టే. మెడకూ దారానికీ మధ్య రెండు వేళ్లు దూరేటట్టు.”

“ఇప్పుడు దూర్చు.”

షేక్షావలి వంగాడు. చూపుడువేలు పెట్టాడు. గోరు కూడా దూరలేదు. ఎర్ర దారం మెడలోకి దిగబడి, రెండు పక్కలా కండ ఉబ్బి ఉంది. గడ్డం కింద చెయ్యి తగిలితే చెక్కను తాకినట్టుంది, రొట్టెల పెనంలా కాలుతోంది.

“నోరు తెరువు సుంకన్నా.”

సుంకన్న తెరవబోయాడు. పండ్ల మధ్య ఒక్క వేలు సందు కూడా రాలేదు.

లాలెప్ప తాత గ్లాసుతో నీళ్లు అందించాడు. “తాగు నాయనా.”

“మొక్కు... సామీ.” నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది ఆ గొంతు.

“మొక్కు సంగతి నేను చూసుకుంటా. ఒక్క గుక్క తాగు.”

సుంకన్న పోసుకున్నాడు. గొంతు కదలలేదు. నీళ్లు పెదాల మూల నుంచి చొక్కా మీదికి జారాయి. ఆ మనిషి కళ్లల్లో భయం అప్పుడు కనిపించింది అందరికీ.

షేక్షావలి చేతిలో లవంగ నూనె సీసా అట్లాగే ఉండిపోయింది. “తాతా, పొద్దున ఆ వాపుకు నేనే ఉప్పు కాపడం పెట్టిస్తి,” అన్నాడు మెల్లగా.

“ఆ మాట ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పు. దాచొద్దు.” తాత కత్తెర అడిగి తీసుకుని దారం తెంపాడు.

సుంకన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. “బిడ్డ... సామీ...”

“బిడ్డకేం గాదు. మొక్కు తెగలేదు, మెడ మారిందంతే.” అని, ఆ దారానికే ఇంకో జానెడు దారం ముడేసి, షేక్షావలి మెడకు కట్టాడు. రెండు వేళ్లు దూర్చి మరీ కట్టాడు. “ఈయన అన్నం తినేదాకా ఈ ఒక్కపొద్దు నీది.”

తర్వాత ఓబులేసు వైపు తిరిగాడు. “నీ బస్సు యాడుంది?”

“స్టాపులోనే తాతా. అంబులెన్సుకు ఫోన్ కొడదామా?”

“కొట్టు. ఎంతసేపట్లో వస్తాదో అడుగు.”

ఓబులేసు అడిగాడు. ముప్పావుగంట అన్నారు. టౌను పెద్దాసుపత్రి ఇరవై కిలోమీటర్లు, బస్సులో అరగంట.

“అయితే నీ గొంతుతో పనిబడింది ఓబులేసూ. నీ పన్ను రేపటి దాకా ఆగుతాది. ఈయన ఆగడు.”

అప్పుడు చూడాలి ఓబులేసును. చెంప మీది చెయ్యి తీశాడు. వీధి మొదట్లో ఉన్న డ్రైవరుకు వీధి చివరి నుంచే వినబడింది. “ఇంజను స్టార్ట్ చెయ్యప్పా, మధ్యలో స్టాపుల్లేవు.” బస్సులో ఉన్న వాళ్లు ఒక్కరు కూడా అదేమిటని అడగలేదు. ముందు సీటు ఖాళీ చేశారు. సుంకన్నను పడుకోబెట్టబోతే, బస్సు దాకా వెంట వచ్చిన తాత వారించాడు. “పండబెట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టుకోండి, ఊపిరాడాల.”

షేక్షావలి దారి పొడుగునా సుంకన్న వీపుకు తన భుజం ఆనించి కూర్చున్నాడు. ఆ ఊపిరి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఓబులేసు ఫుట్‌బోర్డు మీద నిలబడి, అడ్డమొచ్చిన ఆటోలనూ ఎద్దుల బండ్లనూ గొంతుతోనే పక్కకు నెట్టాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సుంకన్న పేరు కూడా అడగలేదు. మెడ చూసింది, స్ట్రెచరు పిలిచింది. గంట తర్వాత బయటికొచ్చి చెప్పింది. పుచ్చిన దవడ పంటి చీము నాలుక కిందికీ, మెడలోకీ దిగిందట. కోసి చీము తీశారట. “పొద్దుగూకేదాకా ఆగుంటే ఊపిరి దారి మూసుకుపోయేది. ఎవరు చూశారు దీన్ని?”

షేక్షావలి తల వంచుకున్నాడు. “మా తాత, మేడమ్. నేను చూడలేకపోతిని.” కాపడం సంగతి కూడా చెప్పాడు.

ఏడు రోజులు గడిచాయి. ఏడు రోజులూ షేక్షావలి పగలంతా పస్తు ఉన్నాడు. చాప మాట మళ్లీ ఎత్తలేదు.

పదో రోజు పీర్లు ఏటికి పోయి వచ్చాయి. చావిడి ముందర విస్తళ్లు పరిచారు. ఓబులేసు కూడా వచ్చాడు. విరిగిన పంటికి డాక్టరు సిమెంటు వేశాడని అడిగినవాడికీ అడగనివాడికీ నోరు తెరిచి చూపించాడు. ఇంతలో సుంకన్న వచ్చాడు, గడ్డం కింద కట్టుతో, పక్కన భార్య, ఆమె భుజాన బిడ్డ.

షేక్షావలి అన్నం కన్నా ముందు నీళ్ల చెంబు తెచ్చాడు. సుంకన్న తాగాడు. షేక్షావలి కళ్లు ఆ గొంతు మీదే ఉన్నాయి. అది కదిలింది. గుటక దిగింది.

తర్వాత వరసలో కూర్చున్న ప్రతి మనిషికీ నీళ్లు పోశాడు. పోసి, తాగేదాకా నిలబడి, అప్పుడు పక్క విస్తరికి జరిగాడు. ఎవరూ తొందర పెట్టలేదు. చివర్న లాలెప్ప తాత.

తాత తాగి, గ్లాసు కింద పెట్టి, శిష్యుడి మెడలో దారం కింద రెండు వేళ్లు దూర్చి చూశాడు. ముడి విప్పాడు.

“ఇంక కూర్చో.”

షేక్షావలి చావిడిలో ఖాళీగా ఉన్న చాప వైపు ఒకసారి చూశాడు. “యాడ తాతా?”

“అన్నం ముందర. సుంకన్న నీ కోసమే కాసుకొని ఉండాడు.”

షేక్షావలి సుంకన్న పక్కన కూర్చున్నాడు. అందరూ విస్తట్లో చెయ్యి పెట్టారు.