మారెక్క తిట్లు

అనగా అనగా, కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఒక కొండ కింద ఊళ్ళో మేకలు కాసుకునే మారెక్క ఉండేది. ఒంటరి మనిషి. నోరు పెద్దది. ఆ నోరు ఊరికే పెద్దదైందనుకునేరు, ఊరివాళ్ళే పెంచారు.

ఆ కొండ మీద కొన్ని పూలు పూసేవి. ఊదావి, పచ్చవి, జొన్నగింజంత తెల్లవి. మేకల వెంట తిరుగుతూ మారెక్క చుట్టుపక్కల కొండలన్నీ వెతికింది. అవి ఇంకెక్కడా లేవు. విత్తనాలు తీసుకెళ్ళి తూర్పు కొండ మీద చల్లింది, మొలవలేదు. పడమటి కొండ మీద చల్లింది, మొలవలేదు. పుట్టింటి పెరట్లో చల్లింది, అక్కడా మొలవలేదు. ఇక్కడ పోతే ఇక లేనట్టేనని ఆమెకు తెలిసొచ్చింది.

ఊరి పశువులేమో వాటిని తొక్కేస్తున్నాయి. అందుకని పూలున్న చోటల్లా ఒక రాయి నిలబెట్టి సున్నం పూసింది. కింది నుంచి చూస్తే కొండకు ముగ్గు చుక్కలు పెట్టినట్టుండేది. చుక్కలు ఒత్తుగా ఉన్నచోట పూలు ఒత్తుగా ఉన్నట్టు. "ఆ తెల్లరాళ్ళ కాడికి పశువుల్ని తోలొద్దండి" అని ఇంటింటికీ తిరిగి చెప్పింది.

మన జనం సంగతి తెలిసిందే కదా. సున్నం పూసిన రాయి కనబడితే ఊరుకుంటారా? తెల్లారేసరికి రాళ్ళకు పసుపు పూసి బొట్లు పెట్టేశారు. వట్టి చేతులతో మొక్కకూడదని, పక్కనున్న ఆ పూలే కోసి రాళ్ళ నెత్తిన పెట్టారు.

మారెక్క తల బాదుకుంది. దిగువ వాలులో పూలు పోయాయి. నడిమి వాలులో పూల చుట్టూ ముళ్ళకంప వేసింది. "అమ్మవారికి కోట కట్టింది, ఇక్కడ మహిమ ఎక్కువ" అని కంప తొలగించి మరీ కోశారు. అక్కడా పోయాయి. ఇక మిగిలింది కొండకొన. అక్కడ రాయి పెట్టలేదు, కంప వెయ్యలేదు. విసిగిపోయి తానే పోయి కూర్చుంది.

వచ్చినవాళ్ళనల్లా తిట్టింది. పూజారిని తిట్టింది. తోడికోడలు సాలమ్మను తిట్టింది. ఊరి పెద్దకాపునూ తిట్టింది.

"చెయ్యి తియ్యి. నువ్వు పుట్టిచ్చినావా దాన్ని, కోసేదానికి?"

"ఏమే మారెక్కా, పెద్దా చిన్నా లేదా నీకు?" అన్నాడు పెద్దకాపు.

"ఊర్లో నువ్వే పెద్దోనివి సామీ. ఈడ ఈ పువ్వే పెద్దది. ఇది పోతే యాడ నుంచి తెస్తావు?"

పెద్దకాపు గొణుక్కుంటూ కొండ దిగిపోయాడు.

ఏటేటా పూల కాలమంతా ఆమె అక్కడే కూర్చుని తిట్టేది. కొనన రాలిన విత్తనాలు వానకు కొట్టుకొచ్చి నడిమి వాలులో మొలిచాయి. కొన్నేళ్ళకు దిగువన కూడా మొలిచాయి. మారెక్క విసుక్కుంటూనే రాళ్ళకు మళ్ళీ సున్నం పూసింది. తర్వాత ముసలిదై చనిపోయింది.

మరుసటి ఏడు పూలు విరగబూశాయి. ఆడవాళ్ళు బుట్టలతో వచ్చారు. తిట్టేవాళ్ళు లేరు. సాలమ్మ పువ్వు మీదికి చెయ్యి చాచి ఆగిపోయింది. ఎవరూ తిట్టకపోయేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. పక్కన పెద్దకాపు పెళ్ళాం పువ్వు కాడ వంచుతోంది. సాలమ్మ గబుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి తియ్యి. నువ్వు పుట్టిచ్చినావా దాన్ని, కోసేదానికి?"

పెద్దకాపు పెళ్ళాం బిత్తరపోయి చెయ్యి తీసేసింది.

ఇప్పటికీ ఆ కొండ మీద అదే పద్ధతి. ఏటా రాళ్ళకు సున్నం పూస్తారు గానీ పసుపు పూయరు. పువ్వు మీద చెయ్యి వేసినవాళ్ళను ఎవరైనా తిట్టొచ్చు. కోడలు అత్తను తిట్టొచ్చు, జీతగాడు దొరను తిట్టొచ్చు. తిట్లు పడినవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు. తిట్టింది ఎవరైనా సరే, చెయ్యి తీసి, "సరేలే మారెక్కా" అనాలి.