కరక్కాయ ముక్క

కాకినాడలో విశ్వంభరం గారి దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. ఆయన్ని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని మీద పడుతుంది. సౌదామినికీ తెలుసు. అయినా ఆగలేక అడిగేసింది.

"గురువుగారూ, నా ఎస్‌డీకే మంచిదో కాదో ఎలా తెలుస్తుందండీ?"

ఇతరులు యాప్‌లు రాసుకోవడానికి సిద్ధం చేసిపెట్టే కోడ్ మూటని ఎస్‌డీకే అంటారు, పొట్టిగా కిట్. సముద్రం మీద గాలి ముదిరితే ఫోన్లకు హెచ్చరిక పంపే మూట ఆమెది. రెండేళ్ళ కష్టం. అందులో లేనిది లేదని ఆమె ధీమా.

ఆయన డబ్బాలోంచి కరక్కాయ ముక్క తీసి ఇచ్చారు. "బుగ్గన పెట్టుకో. అదున్నంతసేపూ మాట్లాడకూడదు."

ఆమెను అక్కడే నేర్చుకునే యోహాను వెనకాల కూర్చోబెట్టారు. యోహానుది ఉప్పాడ, జాలరుల ఇల్లు. పోయినేడు గాలివానలో వాళ్ళ బాబాయి పడవ తిరిగి రాలేదు. అప్పట్నుంచీ ఊరి పడవల కోసం యాప్ రాస్తున్నాడు. మూడు రోజుల్లో వేట నిషేధం ముగుస్తుంది, పడవలు కదులుతాయి.

అతను ఆమె కిట్ తెరిచి, నాలుగు వరుసలు రాసి నడిపించాడు. తెర మీద 'తప్పు 17' అని పడింది. మళ్ళీ రాశాడు, మళ్ళీ పదిహేడే. మధ్యాహ్నానికి చొక్కా తడిసిపోయింది. సౌదామినికి నోరంతా వగరు, లోపల ప్రాణం కొట్టుకుపోతోంది. ముందుగా తీరం పేరు నమోదు చేయాలి, అంతే!

యోహాను కుర్చీ వెనక్కి జరిపాడు. "మావోళ్ళకి మాటిచ్చేసేనండి. ఇది నా బుర్రకి అందేది కాదండి. తప్పు నాదే."

ఆమె ముక్క ఉమ్మేసింది. "మీది కాదండీ! ముందుగా..."

విశ్వంభరం గారు చెయ్యెత్తి ఆపారు. "ఆ ముందుగా అన్నది నీ కిట్‌లో ఎక్కడుందమ్మా?"

ఎక్కడా లేదు. ఆమె తలలో ఉంది. సౌదామిని సిగ్గుతో చచ్చిపోయింది. యోహానుని రేపు రమ్మని బతిమాలుకుని తెర ముందు కూర్చుంది. కిట్ వాడే పద్ధతి చెప్పే కాగితాల మొదటి పేజీలో ఆ మాట చేర్చింది. 'తప్పు 17' తీసేసి, ఏం మరిచారో, ఏం చేయాలో చెప్పే వాక్యం పెట్టింది.

మర్నాడు కొత్త ముక్క, అదే కుర్చీ. మొదటి పేజీ ఎవరు చదువుతారు? యోహానూ చదవలేదు, మళ్ళీ ఆగాడు. అతను తెర మీది వాక్యం చూసి, తల గోక్కుని, తీరం పేరు రాశాడు. గంటలోపే అతని ఫోన్‌లో గాలి హెచ్చరిక మోగింది. వెనక ఒక మనిషి ఉందన్న సంగతే మరిచి, "నాన్నా, వొచ్చేసిందే!" అంటూ బయట కాచుకుని ఉన్న తండ్రి దగ్గరికి పరుగెత్తాడు.

సౌదామినికి మనసు చివుక్కుమంది. అతను నన్నొక్క మాటైనా అడగలేదే అన్నట్టు గురువుగారి వైపు చూసింది.

ఆయన డబ్బా మూత పెట్టి, "ఇక ఉమ్మెయ్యమ్మా," అన్నారు. "నీతో వాళ్ళకి పనిలేదు."