నెమలి ఇంటి నాలుగో పేరు

ఇప్పలకోన అనే అడవిలో నెమళ్లు, కౌజుపిట్టలు, కుందేళ్లు, దుప్పులు ఉండేవి. ఒక ముసలి ఎలుగుబంటి, ఒక నక్క కూడా ఉండేవి.

పూర్వం ఆ కోనలో ఎవరి గూటి దగ్గరికి ఎవరొచ్చారో నేలే చెప్పేది. తెల్లవారగానే ప్రతి తల్లీ తన గూటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేది. మెత్తని మట్టిలో పడిన అడుగులను పేరు పేరునా గుర్తుపట్టేది. తెలియని అడుగు కనిపిస్తే గట్టిగా కేక వేసేది. ఆ కేకను పక్క పొదలోవాళ్లు అందుకునేవారు. కాసేపటికి కోనంతా ఒక్కటయ్యేది. ఆ రోజులు ఎంత బాగుండేవో.

తరువాత కోనకు ఫోన్లు వచ్చాయి. ఇంటింటికీ వైఫై వచ్చింది. తల్లులు గూటి దగ్గర చిన్న కెమెరా పెట్టుకుని, మేతకు వెళ్లినా గుడ్లను ఫోనులోనే చూసుకునేవారు. అది మంచి సదుపాయమే. కానీ అడుగులు చూసే అలవాటు పోయింది. కేకలు కూడా ఆగిపోయాయి.

నీలవేణి అనే నెమలి కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి కోననంతా పిలిచింది. వైఫై పాస్‌వర్డ్‌ను పలక మీద పెద్ద అక్షరాలతో రాసి గుమ్మానికి వేలాడదీసింది.

"మా ఇంట్లో దేనికీ కొదవ లేదు. ఎవరైనా వాడుకోండి," అంది గొప్పగా.

చుట్టాలు వచ్చారు, తిన్నారు, వెళ్లారు. పలక మాత్రం గుమ్మానికే ఉండిపోయింది. కొన్నాళ్లకు నీలవేణి ఐదు గుడ్లు పెట్టింది.

పక్క పొదలో చిట్టెమ్మ అనే కౌజుపిట్ట ఉండేది. ఆమెను చిన్నప్పుడు అవ్వ పెంచింది. పొద్దున్నే అవ్వ వెనక నడుస్తూ అడుగులు లెక్కపెట్టడం చిట్టెమ్మకు ఇంకా గుర్తుంది. "మనకు తెలిసినవాళ్లు ఎంతమందో ముందు తెలుసుకోవాలమ్మా. అప్పుడే తెలియనివాడు కనిపిస్తాడు," అనేది అవ్వ. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట మాత్రం చిట్టెమ్మ మరిచిపోలేదు.

ఒకరోజు నీలవేణి ఫోనులో గుడ్ల బొమ్మ కదలకుండా ఆగిపోయింది. ఆమె చిట్టెమ్మను పిలిచి చూపించింది.

"వదినా, నీ వైఫైలో ఏమేం కలిసి ఉన్నాయో ఎప్పుడైనా చూశావా?" అని చిట్టెమ్మ అడిగింది.

"అదెందుకు చూడడం?"

"ఇదిగో, ఫోనులోనే జాబితా ఉంటుంది. నీ ఇంట్లో ఉన్నవి ఫోను, టీవీ, కెమెరా. మొత్తం మూడు. ఇక్కడ నాలుగు కనిపిస్తున్నాయి."

నీలవేణి నవ్వింది. "ఎవరో చుట్టాలదై ఉంటుందిలే. వాడుకోనీ. నీలాగా ప్రతిదీ లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం నాకు చేతకాదు."

చిట్టెమ్మ మనసు చిన్నబుచ్చుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు నీలవేణి వాగుకు వెళ్లింది. దారిలో ఫోను చూసింది. కెమెరా మళ్లీ ఆగిపోయి ఉంది. నెట్ సరిగా రావడం లేదనుకుంది. నీళ్లు తాగి నింపాదిగా తిరిగొచ్చింది. గూటిలో మూడు గుడ్లే ఉన్నాయి.

ఆమె ఏడుపు విని చిట్టెమ్మ పరుగున వచ్చింది. నిన్నటి మాట ఎత్తలేదు. పక్కన కూర్చుని, ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగింది.

"నేను ఎప్పుడు బయటికి వెళ్తానో ఆ దొంగకెలా తెలిసింది?" అంది నీలవేణి.

"నీ కెమెరాలోంచే చూసి ఉంటాడు వదినా. నీ వైఫైలో దూరినవాడికి అదేమంత కష్టం కాదు. నిన్న ఒకసారి ఆపి చూసుకున్నట్టున్నాడు. ఇవాళ గూడు ఖాళీ కాగానే కెమెరా ఆపి లోపలికి వచ్చాడు. ఆ నాలుగోది ఎవరిదో ఇప్పుడే తేల్చుకుందాం."

చిట్టెమ్మ టీవీ ఆపింది. జాబితాలో ఒక పేరు పోయింది. కెమెరా తీగ పీకింది. ఇంకో పేరు పోయింది. ఇక రెండు మిగిలాయి. ఒకటి వాళ్ల చేతిలో ఉన్న ఫోను. రెండోదానికి పేరు లేదు, కొన్ని అంకెలే ఉన్నాయి.

"ఇదే మనది కానిది," అంది చిట్టెమ్మ. "ఇప్పుడు కూడా కలిసే ఉంది. నీ వైఫై ఆ వెదురు పొద దాటి అందదు. అంటే వాడు ఈ చుట్టుపక్కలే ఉన్నాడు."

ఇద్దరూ చప్పుడు కాకుండా ఇంటి చుట్టూ నడిచారు. నీలవేణి ఇన్నాళ్లలో మొదటిసారి నేలను చూస్తూ నడిచింది. వెదురు పొద దగ్గర మట్టిలో నక్క అడుగులు ఉన్నాయి. కొత్తవాటి కింద పాతవి కూడా ఉన్నాయి. చాలా రోజులుగా వచ్చి పోతున్న అడుగులు అవి. పొద లోపల నక్క ఫోను పట్టుకుని కూర్చుని ఉంది.

చిట్టెమ్మ మెడ సాచి కేక వేసింది. నీలవేణి ఆ కేక అందుకుంది. ఎక్కడో ఒక దుప్పి బదులు పలికింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ కేక విన్న ముసలి ఎలుగుబంటి కళ్లు చెమర్చాయి. అది గుహలోంచి లేచి అడ్డదారిన వచ్చి నక్క ముందు నిలబడింది.

నక్క తోక ముడిచింది. "పలక మీద రాసి ఉంటే చదివానంతే," అని గొణిగింది. ఎలుగుబంటి ఒక్క దెబ్బ వేసింది. నక్క ఫోను అక్కడే వదిలేసి కొండ దాటి పారిపోయింది. మళ్లీ ఆ కోన వైపు రాలేదు.

నీలవేణి పలక తీసేసింది. ఎవరికీ సులువుగా దొరకని కొత్త పాస్‌వర్డ్ వైఫైకి ఒకటి, కెమెరాకు వేరొకటి పెట్టింది. తన వస్తువులను ఒక్కొక్కటిగా మళ్లీ కలిపి, ప్రతిదానికీ పేరు పెట్టుకుంది. వారానికోసారి జాబితా చూసుకునేది. రోజూ పొద్దున్నే చిట్టెమ్మతో కలిసి గూటి చుట్టూ నడిచేది. పోయిన గుడ్ల చోటు చూసినప్పుడల్లా మాత్రం మిగిలిన మూడింటినీ ఇంకాస్త దగ్గరికి పొదువుకునేది.

వానలు మొదలైన వారానికి మూడు పిల్లలు బయటికి వచ్చాయి. చిట్టెమ్మ వానకు పుట్టల్లోంచి లేచిన ఉసిళ్లు ఏరుకుని చూడడానికి వచ్చింది.

"చిట్టెమ్మా, మీ అవ్వ పేరేమిటి?" అని నీలవేణి అడిగింది.

"కోటమ్మ. ఆ పేరు పలికి ఎన్నేళ్లయిందో."

నీలవేణి అన్నిటికంటే చిన్నపిల్లను దగ్గరికి తీసుకుంది. "కోటమ్మా, ఇటు చూడు. చిట్టెమ్మత్త వచ్చింది," అంది.

నీతి: మన ఇంట్లో ఉన్నవేమిటో మనకు తెలిస్తేనే, మనది కానిది కంటపడుతుంది.